ఇరాక్ యుద్ధానికి ముందు నడిచిన మాటలు

2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్, ఇరాక్ ప్రమాదకరమైన ఆయుధాలు దాస్తోందని చెబుతూ, చిన్న సీసా ఒకటి పైకెత్తి చూపించాడు, అందులో కాస్త తెల్లటి పొడి, టీస్పూన్ కూడా ఉండదు, ఇంత ఆంత్రాక్స్ (ప్రాణాలు తీసే రోగక్రిమి) వల్లే 2001లో మా సెనేట్ మూతబడింది అన్నాడు. ఆ పొడి ఇరాక్‌లో దొరికింది కాదు, ఊరికే చూపించడానికి తెచ్చింది. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ సీసానే.

దీనికి ఏడాది ముందే, 2002 జనవరి 29న, అమెరికా అధ్యక్షుడు బుష్ ఇరాక్, ఇరాన్, ఉత్తర కొరియాలకి కలిపి "యాక్సిస్ ఆఫ్ ఈవిల్" (దుష్ట కూటమి) అని పేరు పెట్టాడు. యాక్సిస్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ కూటమి పేరు. 1980 నుంచి 88 దాకా ఒకళ్ళనొకళ్ళు చంపుకున్న ఇరాక్, ఇరాన్ ఒక్క మాటతో ఒకే జట్టయిపోయాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం "సామూహిక జనహనన ఆయుధాలు" అన్న మాట, మన పేపర్లు కూడా రోజూ అలాగే రాశాయి. విషవాయువు, రోగక్రిములు, అణుబాంబు మూడూ వేరు వేరు సంగతులు, మొదటిది ఇరాక్ నిజంగానే వాడింది, 1988లో హలబ్జాలో కుర్దుల మీద, కానీ మూడిట్నీ ఒకే మాటలో కలిపేస్తే గ్యాస్ గురించి చెప్పినా వినేవాడికి కనబడేది అణుబాంబే. 2002 సెప్టెంబర్లో బుష్ జాతీయ భద్రతా సలహాదారు కండొలీజా రైస్ టీవీలో, తిరుగులేని రుజువు అణుబాంబు పొగ రూపంలో రాకూడదు అంది. అంటే ఇక రుజువు లేకపోవడం కూడా భయపడాల్సిన విషయమే అయిపోయింది. బ్రిటన్ అయితే ఇరాక్ ఈ ఆయుధాల్ని 45 నిమిషాల్లో వాడగలదని తన డోసియర్‌లో (జనానికి విడుదల చేసిన నిఘా నివేదికలో) రాసింది, ఆ సమాచారం యుద్ధరంగంలో వాడే చిన్న ఆయుధాల గురించి అన్న ముక్క మాత్రం అందులో రాయలేదు.

అంతర్జాతీయ సంబంధాలు చదివేవాళ్ళు దీన్ని సెక్యూరిటైజేషన్ అంటారు, ఓల్ వీవర్, బారీ బుజాన్ లాంటివాళ్ళు 90ల్లోనే చెప్పారు: ఏదైనా ఒక విషయాన్ని ప్రాణాలకే ముప్పు అని పెద్దలు ప్రకటించి జనం ఒప్పుకుంటే, మామూలు రూల్స్ పక్కన పెట్టేయొచ్చు. ఇక్కడ అదే జరిగింది. ఇరాక్‌లో ఆయుధాల కోసం వెతుకుతున్న ఐక్యరాజ్యసమితి తనిఖీల హెడ్ హాన్స్ బ్లిక్స్ 2003 మార్చి 7న ఇంకొన్ని నెలలు కావాలన్నాడు, ఇవ్వలేదు, 20న దాడి మొదలైంది.

2004లో అమెరికా పంపిన టీమే అక్కడ ఆయుధాల నిల్వలు లేవని తేల్చింది. 2016లో ఈ యుద్ధం మీద బ్రిటన్ జరిపిన విచారణ, అంటే చిల్కాట్ రిపోర్టు, ముప్పు గురించి అంత ఖచ్చితంగా చెప్పడానికి ఆధారం లేదని రాసింది.