మదుర పాదం: మందు కన్నా ముందు గింజ

పొలంలో తుమ్మముల్లు దిగితే పిన్నీసుతో తీసేసి, కాస్త పసుపు అద్ది మళ్లీ పనిలో పడిపోతాం. దాదాపు అందరికీ అది అక్కడితో సరి. ఎక్కడో ఒకరిద్దరికి మాత్రం ముల్లుతో పాటు మట్టిలోని సూక్ష్మజీవి కూడా లోపలికి పోతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక పాదంలో గట్టి బుడిపె తేలుతుంది. నొప్పి ఉండదు. ఈ జబ్బు చేసే అసలు మోసం అదే. నొప్పి లేని కాలి కోసం ఒకరోజు కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి ఎవరు వెళ్తారు? వెళ్లేసరికి పాదం వాచిపోయి, చర్మానికి చిల్లులు పడి, రసితో పాటు సన్నని గింజలు రాలుతుంటాయి. ఆలస్యమైతే ఎముక కూడా తినేస్తుంది. కాలు తీసేయాల్సిన పరిస్థితీ రావచ్చు.

వైద్యులు దీన్ని మైసిటోమా అంటారు. 1842లో మదురైలో గిల్ అనే వైద్యుడు దీని గురించి రాశాడు. ‘మదుర పాదం’ అన్న పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. అప్పట్లో మదురై, మన కోస్తా, సీమ జిల్లాలు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1860లో బొంబాయిలోని వైద్యుడు కార్టర్ దీనికి కారణం శిలీంధ్రమని (ఫంగస్) చెప్పి మైసిటోమా అని పేరు పెట్టాడు. ఇంత పాత జబ్బు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలోకి ఎక్కింది మాత్రం 2016లో. చెప్పులు లేకుండా నడిచేవాళ్ల జబ్బు కదా!

కార్టర్ చెప్పింది సగమే నిజమని తర్వాత తేలింది. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ పాదం వెనక రెండు వేర్వేరు శత్రువులు ఉంటాయి: కొందరిలో శిలీంధ్రం, కొందరిలో దారాల్లా పెరిగే బ్యాక్టీరియా. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. రాజస్థాన్‌లో శిలీంధ్ర రకం ఎక్కువ, దక్షిణాదిలో బ్యాక్టీరియా రకం ఎక్కువ. కానీ ఊరిని బట్టి మందు రాయలేం కదా. అందుకే గింజలు చూడాలి.

ఆ గింజలు సూక్ష్మజీవుల గుంపులే. నల్లగా ఉంటే శిలీంధ్రమని, ఎర్రగా ఉంటే బ్యాక్టీరియా అని దాదాపు నమ్మవచ్చు. తెల్లవి, పసుపువి ఎటైనా కావచ్చు. గింజను నలిపి మైక్రోస్కోపు కింద పెడితే శిలీంధ్రపు పోగులు లావుగా, బ్యాక్టీరియా పోగులు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు సన్నంగా కనిపిస్తాయి. పైన కారే చీములో ఇతర క్రిములు కలిసిపోతాయి కాబట్టి దాన్ని దూదితో అద్ది పరీక్షిస్తే తప్పుదారి పట్టే అవకాశం ఎక్కువ. లోపలి నుంచి ముక్క తీసి బయాప్సీ (మైక్రోస్కోపుతో ముక్క పరీక్ష), కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటం) చేయించడమే మేలు. ఫలితం రావడానికి వారాలు పట్టినా ఆగాలి. ఎముక సంగతి ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ చెబుతాయి.

బ్యాక్టీరియా అని తేలితే అదృష్టమే అనాలి. కోట్రైమాక్సజోల్ మాత్రలతో పాటు అమికాసిన్ ఇంజెక్షన్లు విడతలు విడతలుగా ఇస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. అమికాసిన్ వినికిడినీ కిడ్నీలనూ దెబ్బతీయగలదు, అందుకే మధ్యమధ్యలో పరీక్షలు తప్పవు. శిలీంధ్రమైతే దారి కష్టం. ఇట్రాకొనజోల్ రోజూ, తరచుగా ఏడాదీ అంతకు మించీ వాడాలి. లివర్ పరీక్షలు చేయిస్తుండాలి. చాలాసార్లు గడ్డను కోసి తీయాల్సిందే, అయినా తిరగబెట్టడం మామూలే. నల్ల గింజలోని మెలనిన్ అనే నల్లరంగు పదార్థం మందును లోపలికి దిగనివ్వకుండా శిలీంధ్రానికి కవచంలా పనిచేస్తుంది.

సూడాన్‌లో ఈ జబ్బు చాలా ఎక్కువ. ఖార్టూమ్‌లోని మైసిటోమా పరిశోధన కేంద్రంలో వారానికోసారి వేసుకునే ఫోస్రావుకొనజోల్ అనే మందును ఇట్రాకొనజోల్‌తో పోల్చి పరీక్షించారు. రోజూ మాత్రలు మింగే బాధ తగ్గుతుంది కాబట్టి పల్లె రోగులకు ఇది ఆశ కలిగించేదే. 2023లో మొదలైన యుద్ధం ఆ కేంద్రాన్ని కూడా వదల్లేదు.

మన దగ్గర నాకు కనిపించే చిక్కు వేరు. బుడిపె చిన్నగా ఉన్నప్పుడు కొవ్వుగడ్డ అనుకుని తీసేస్తారు, ముక్కను పారేస్తారు. అదే చోట మళ్లీ లేచాక ఏ మందు మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. పాదంలో గడ్డ తీయించుకుంటుంటే, ముక్కను ఫంగస్ కల్చర్‌కు, బ్యాక్టీరియా కల్చర్‌కు, పాథాలజీకి మూడింటికీ పంపమని ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి. ఒకసారి ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే, క్రిములను చంపే ద్రవంలో) వేశాక ఆ ముక్కతో కల్చర్ చేయడం కుదరదు.