తీగ కట్టి పిలిచే పిడుగు

మేఘం కిందికి తీగ కట్టిన రాకెట్ వదిలి పిడుగును కావాలని రప్పించే పద్ధతి ఒకటుంది. అమెరికాలోని చీసాపీక్ ఖాతంలో ఒకసారి డెప్త్ ఛార్జ్ (నీటి అడుగున పేలే బాంబు) పేలి నీళ్లు స్తంభంలా పైకి లేచాయి. ఆ నీటి స్తంభం మీదే పిడుగు పడింది. మేఘం కింద ఒక వస్తువు ఎంత ఎత్తున ఉందన్నదే కాదు, ఎంత వేగంగా లేచిందన్నదీ ముఖ్యమేనన్న ఆలోచనకు ఈ ఘటన బలమిచ్చింది. 1961లో శాస్త్రవేత్త మార్క్స్ బ్రూక్ బృందం దీన్ని ప్రయోగశాలలో చూపించింది. బలమైన విద్యుత్ క్షేత్రంలో సన్నని తీగను ముందే నిలబెట్టి ఉంచితే ఏమీ జరగలేదు. అదే తీగను చటుక్కున లోపలికి తోస్తే నిప్పురవ్వ దూకింది.

కారణం కొరోనా, అంటే మొనల నుంచి గాలిలోకి విద్యుత్ ఆవేశం కారడం. కదలకుండా నిలిచిన తీగ మొన నుంచి అయాన్లు (ఆవేశమున్న కణాలు) నిదానంగా కారుతూ చుట్టూ ఒక ఆవేశపు దుప్పటి పరుస్తాయి. దాని చాటున మొన దగ్గర క్షేత్రం పెరగలేదు. మీటరుకు 10 కిలోవోల్టుల క్షేత్రంలో అయాన్లు కదిలేది సెకనుకు ఒకటి రెండు మీటర్లే. సెకనుకు 150 మీటర్లు పైబడి దూసుకెళ్లే మొనకు ఆ దుప్పటి అందదు. రాకెట్ ఎందుకు కావాలో, తీగ కట్టిన బెలూన్ ఎందుకు చాలదో ఈ లెక్కలోనే ఉంది.

అమెరికా పరిశోధకుడు మోరిస్ న్యూమన్ బృందం 1966లో ఫ్లోరిడా పశ్చిమ తీరాన, ఓడ మీది నుంచి తీగ కట్టిన రాకెట్లు వదిలి మొదటిసారి పిడుగును రప్పించింది. నేల మీద ఈ పని మొదట నెగ్గింది 1973లో, ఫ్రాన్స్‌లోని సెయింట్ ప్రివా దాలియే దగ్గర. ఆ తర్వాత జపాన్ శీతాకాలపు మేఘాల కింద, న్యూ మెక్సికో కొండల మీద, చైనాలో కేంద్రాలు వచ్చాయి. 1993లో ఫ్లోరిడాలోని క్యాంప్ బ్లాండింగ్‌లో మొదలైన కేంద్రం నుంచే ఈ రంగంలో ఎక్కువగా వాడే కొలతలు చాలా వచ్చాయి.

రాకెట్ పొడవు మీటరు దాకా ఉంటుంది. తీగ 0.2 మిల్లీమీటర్ల రాగిది. గుంజుడుకు తెగకుండా దానికి కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నూలు తోడు. తీగ చుట్టిన రీలు రాకెట్‌కే ఉండొచ్చు, నేల మీదా ఉండొచ్చు. రెండో కొస లాంచర్ దగ్గర కరెంటు కొలిచే అతి తక్కువ నిరోధం గుండా భూమిలోకి పోతుంది. పేల్చే మీటకూ లాంచర్‌కూ మధ్య లోహపు తీగ ఉంటే పిడుగు దాని వెంట మనిషి దాకా వస్తుంది. అందుకే క్యాంప్ బ్లాండింగ్‌లో ప్లాస్టిక్ గొట్టంలో గాలి ఊది పేల్చేవారు. కొలతలు ఫైబర్ కేబుల్ మీదే బయటికి వచ్చేవి.

ఎప్పుడు వదలాలన్నదే అసలు నైపుణ్యం. నేల మీద క్షేత్రం సాధారణంగా మీటరుకు 4 నుంచి 10 కిలోవోల్టులు ఉండాలి. గడ్డిపోచలూ చెట్ల కొసలూ వదిలే అయాన్ల వల్ల నేల దగ్గర ఈ అంకె తక్కువ కనిపిస్తుంది, పైన అసలు క్షేత్రం దానికి ఎన్నో రెట్లు. తొందరపడితే తీగ వృథా. ఆలస్యమైతే సహజమైన మెరుపు మెరిసి క్షేత్రం ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటికే రాకెట్ గాల్లో ఉన్నా లాభం లేదు. తీగ చుట్టడంలో చిన్న మెలిక పడ్డా మొదటి కుదుపుకే తెగుతుంది.

అంతా కుదిరితే రాకెట్ కొన్ని పదుల మీటర్లు లేచేసరికే మొన దగ్గర పదుల ఆంపియర్ల చిన్న పల్స్‌లు మొదలవుతాయి. అవి పుట్టి ఆరిపోయే లీడర్లు, అంటే గాలిలో దారి చేసుకుంటూ పాకే విద్యుత్ పాయలు. 200 నుంచి 300 మీటర్ల ఎత్తులో, మొనకూ చుట్టూ ఉన్న గాలికీ మధ్య తేడా మూడు నాలుగు మిలియన్ వోల్టులకు చేరితే ఒక లీడర్ ఆరకుండా నిలబడి మేఘం వైపు పాకుతుంది. మేఘం అడుగున ఉండేది ఎక్కువగా రుణావేశం కనుక ఇది ధన లీడర్, వేగం సెకనుకు సుమారు లక్ష మీటర్లు. కరెంటు పెరిగి రాగి తీగ ఆవిరైపోతుంది. కరెంటు క్షణకాలం పడిపోయి, తీగ ఉన్న దారిలోనే వేడి గాలి గుండా మళ్లీ అందుకుంటుంది. ఆ తర్వాత సెకనులో కొన్ని పదో వంతుల పాటు వందల ఆంపియర్లు నిలకడగా పారతాయి. చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. మిగతాసార్లు కాసేపు కరెంటు ఆగి, పాత దారిలోనే పైనుంచి ఆగకుండా దూసుకొచ్చే డార్ట్ లీడర్ దిగి, 10 కిలో ఆంపియర్లు దాటే రిటర్న్ స్ట్రోక్, అంటే పిడుగులోని అసలు దెబ్బ, పడుతుంది.

1969 నవంబర్ 14న చంద్రుడి మీదికి బయల్దేరిన అపోలో 12పై, లేచిన 36వ సెకనులో, 52వ సెకనులో పడిన పిడుగులదీ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ తీగ లేదు. నౌక, దాని వెనక మండే పొగ కలిసి పొడవాటి వాహకమయ్యాయి. 1987 మార్చి 26న అమెరికా రాకెట్ అట్లాస్ సెంటార్ 67 ఇలాగే పిడుగుకు నాశనమైంది. శ్రీహరికోట రెండో లాంచ్ ప్యాడ్ చుట్టూ ఉన్న ఎత్తైన స్తంభాలు నిలబడి ఉన్న రాకెట్‌ను కాస్తాయి గానీ, మేఘంలోకి దూరే రాకెట్‌ను కాయలేవు. అక్కడ వాతావరణ నిబంధనలే దిక్కు.

తీగ కట్టి పిడుగును రప్పించే పద్ధతిలో ఒక లోటుంది. సహజమైన పిడుగులో మొదట మెట్లు మెట్లుగా దిగే లీడర్, దాని వెంటనే పడే తొలి స్ట్రోక్ ఇందులో ఉండవు. దీనికి విరుగుడుగా తీగను రాకెట్‌కూ నేలకూ మధ్య తెంచారు. కింద భూమికి కలిపిన 50 మీటర్లు, మధ్యలో కరెంటు పారని కెవ్లార్ 400 మీటర్లు, పైన రాకెట్‌కు కట్టిన, భూమికి అంటని తీగ. అప్పుడు పై తీగ రెండు కొసల నుంచీ లీడర్లు బయల్దేరతాయి, కిందిది మెట్లుగా నేలకు దిగుతుంది.

అయినా మేఘం లోపల మొదటి లీడర్ ఎలా పుడుతుందో దీనివల్ల తేలదు. అక్కడ బెలూన్లు కొలిచిన క్షేత్రం గాలిని చీల్చడానికి కావలసిన దానిలో పదో వంతు దాకే ఉంటుంది. నేల మీది ప్రయోగంలో తీగ తీర్చే ఆ లోటును మేఘంలో వాన చినుకుల, మంచు గుళ్ల మొనలు తీరుస్తాయని ఒక వాదం. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల పుట్టే ఎలక్ట్రాన్లు తీరుస్తాయని మరో వాదం.