ప్రోస్టేట్ బయాప్సీలో ప్రోటీన్లు ఏం చెబుతాయి? అపోహలు – వాస్తవాలు

"నాన్నగారికి పీఎస్‌ఏ 6 వచ్చింది, క్యాన్సరేనా డాక్టరుగారూ?" పాథాలజిస్టుగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. ప్రోస్టేట్ అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి. ఆ అంకె అది తయారుచేసే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్) అనే ప్రోటీన్ రక్తంలో ఎంత ఉందో చెబుతుంది, మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో. ప్రోస్టేట్ ముక్కల్లో ఇలాంటి ప్రోటీన్లను వెతకడం నా రోజువారీ పని. అందుకే రాస్తున్నాను.

అపోహ: పీఎస్‌ఏ 4 దాటితే క్యాన్సర్, దాటకపోతే భయం లేదు.

వాస్తవం: పీఎస్‌ఏ ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లోనూ తయారవుతుంది. గడ్డకట్టిన వీర్యాన్ని పలచబరచడం దాని పని. ఒక్కో కణం లెక్కన చూస్తే క్యాన్సర్ కణం మామూలు కణం కన్నా తక్కువే తయారుచేస్తుంది. కానీ గ్రంథి గోడ చెదిరిపోవడంతో నాళంలోకి పోవాల్సింది రక్తంలోకి కారుతుంది. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రానికి గొట్టం వేసినా కూడా అంకె పెరుగుతుంది. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికి క్యాన్సర్ కనబడుతుంది. మరోపక్క, 2004లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో 4 లోపు ఉన్నవాళ్లలోనూ దాదాపు 15 శాతం మందికి దొరికింది. ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు నెలల తరబడి వాడేవాళ్లకు పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. ఆ మాత్రల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

అపోహ: బయాప్సీ ముక్కకు రంగు పట్టిందంటే క్యాన్సర్ ఉన్నట్టే.

వాస్తవం: ప్రోస్టేట్‌లో చాలాసార్లు రంగు పట్టకపోవడమే సాక్ష్యం. ప్రోస్టేట్ లోపల చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. మామూలు గ్రంథికి లోపలి కణాల కింద బేసల్ కణాలనే ఇంకో వరస ఉంటుంది. క్యాన్సర్ గ్రంథికి ఆ వరస ఉండదు. బేసల్ కణాల్లో ఉండే పీ63, బరువైన కెరాటిన్ అనే ప్రోటీన్లకు గోధుమరంగు వేస్తాం. క్యాన్సర్‌లో ఎక్కువగా కనబడే ఏఎంఏసీఆర్ అనే ప్రోటీన్‌కు ఎరుపు వేస్తాం. చుట్టూ గోధుమరంగు అంచు లేకుండా ఎర్రగా మెరిసే చిన్న గ్రంథులు కనబడితే అనుమానం గట్టిపడుతుంది.

అయినా వెంటనే క్యాన్సర్ అని రాసేయను. ఏఎంఏసీఆర్ క్యాన్సర్‌కు ముందు దశ మార్పుల్లోనూ ఎర్రగా వస్తుంది. కొన్ని నిరపాయకరమైన గ్రంథుల్లో బేసల్ వరస అక్కడక్కడా తెగి ఉంటుంది. అందుకే అదే స్లైడు మీద పక్కనున్న మామూలు గ్రంథికి గోధుమరంగు సరిగ్గా పట్టిందో లేదో ముందు చూస్తాను. దానికే పట్టకపోతే ఇక్కడ లేదనడానికి అర్థం లేదు. సూది ముక్క వెడల్పు మిల్లీమీటరు కూడా ఉండదు. అనుమానం ఉన్న చోట నాలుగైదు గ్రంథులే ఉండొచ్చు. ముక్కను మైనంలో బిగించిన దిమ్మను బ్లాకు అంటాం. దాన్ని మళ్లీ మళ్లీ పొరలుగా కోస్తే అవి అరిగిపోతాయి. అందుకే మొదటిసారి కోసినప్పుడే కొన్ని పొరలు రంగు వేయకుండా దాచిపెడతాం.

అపోహ: ముక్క తీశాక ఎలా పంపినా ఒకటే.

వాస్తవం: ఇక్కడే నాకు బాధ ఎక్కువ. ఒకసారి ఒక పెద్దాయన బయాప్సీ ముక్క పాడవకుండా నిలిపే ఫార్మలిన్ ద్రావణంలో కాకుండా సెలైన్‌లో వచ్చింది, అదీ మర్నాడు. కణాలు కుళ్లిపోయి ఏ ప్రోటీన్ రంగునూ నమ్మలేకపోయాను. ఆయన మళ్లీ సూది పొడిపించుకోవాల్సి వచ్చింది. ముక్క తీసిన వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో పడాలి. 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా అందులో ఉంచాలన్నది సాధారణంగా పాటించే లెక్క.

అపోహ: ప్రోటీన్ పరీక్షలు వచ్చాయి కాబట్టి గ్లీసన్ స్కోరు పాతబడింది.

వాస్తవం: క్యాన్సర్ గ్రంథుల ఆకారం ఎంత చెదిరిందో మైక్రోస్కోపులో చూసి జబ్బు తీవ్రతకు ఇచ్చే గ్రేడే గ్లీసన్ స్కోరు. 1966 నాటి ఆ పద్ధతిని కాలానుగుణంగా సవరించుకుంటూ ఇప్పటికీ దాని మీదే నిలబడుతున్నాం. ప్రోటీన్లు దానికి తోడు. గ్రేడు ఒకటే అయినా, కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పీటెన్ ప్రోటీన్ పోయిన క్యాన్సర్ మొండిగా ప్రవర్తించే అవకాశం ఎక్కువ. కేఐ-67 అనే ప్రోటీన్ ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చూపుతుంది. జన్యువులు అతుక్కుపోవడం వల్ల క్యాన్సర్ కణాల్లో పెరిగే ఈఆర్‌జీ ప్రోటీన్ పాశ్చాత్య దేశాల్లో సుమారు సగం కేసుల్లో కనబడుతుంది, ఆసియా వాళ్లలో తక్కువ. అక్కడి లెక్కల్ని మనవాళ్లకు యథాతథంగా వాడకూడదని నా అభిప్రాయం. పైగా ఒకే ప్రోస్టేట్‌లో వేర్వేరు కణితులు ఉండొచ్చు. ఒకదాంట్లో ఈఆర్‌జీ ఉండి, పక్కదాంట్లో లేకపోవచ్చు. సూది ఏది అందుకుందో దాని సంగతే నేను చెప్పగలను.

అపోహ: చికిత్స తర్వాత పీఎస్‌ఏ తక్కువగా ఉంటే జబ్బు అదుపులో ఉన్నట్టే.

వాస్తవం: చాలామందిలో నిజమే. కొద్దిమందిలో మాత్రం హార్మోన్ చికిత్స సాగేకొద్దీ క్యాన్సర్ స్వభావం మారి, పీఎస్‌ఏ తయారుచేయడమే మానేస్తుంది. అంకె తక్కువగానే ఉంటుంది, కాలేయంలో మాత్రం గడ్డలు కనబడతాయి. అప్పుడు కొత్త ముక్క తీసి, క్యాన్సర్ నాడీ-హార్మోన్ కణాల తరహాకు మారిందని చెప్పే సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్ ప్రోటీన్ల కోసం చూస్తాం. అవి ఉంటే చికిత్స దారే మారొచ్చు.

ఆ రోజు మొదటి బయాప్సీ బ్లాకు పక్కన ఉంటే పోల్చి చూడటం తేలిక. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా, ఆసుపత్రి మారేటప్పుడు స్లైడులు, బ్లాకులు అడిగి తీసుకోండి. బ్లాకు మైనంతో చేసింది. ఎండాకాలం ఆపి ఉంచిన కారులో వదిలేయకండి, కరిగిపోవచ్చు.