గుండె బొమ్మలో నీలం రంగు: అపోహలు - వాస్తవాలు

కావలి ప్రాంతంలో జీవశాస్త్రం బోధిస్తూ, తరగతికి కావలసిన చార్టులను సొంతంగా గీసుకునే నాకు ఏటా పదో తరగతిలో తప్పక ఎదురయ్యే అపోహ ఒకటుంది: ధమనుల్లో ఎర్ర రక్తం, సిరల్లో నీలి రక్తం ప్రవహిస్తాయని. మనిషి ఒంట్లో నీలి రక్తం ఎక్కడా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్, ఆక్సిజన్‌తో కలిసినప్పుడు మెరిసే ఎరుపులోను, దాన్ని వదిలాక ముదురు ఎరుపులోను ఉంటుంది. ఈ రెండు ఎరుపులు వెనక బెంచీకి ఒకేలా కనబడతాయి కాబట్టి రెండోదానికి నీలం వేయడం ఆనవాయితీ అయింది. చేతి మీది సిరలు నీలంగా తోచడం, చర్మంలో కాంతి చెదిరే తీరు వల్లనే.

ఇక్కడే మార్కులు పోతున్నాయి. రంగు చెప్పేది నాళం పేరును కాదు, అందులో ఆక్సిజన్ ఎక్కువా తక్కువా అన్న సంగతిని. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు చేర్చేది సిర. పుపుస ధమని ఊపిరితిత్తులకు మోసేది ఆక్సిజన్ తక్కువైన రక్తం కనుక దానికి నీలం, అక్కడి నుంచి తిరిగివచ్చే పుపుస సిరలకు ఎరుపు వేస్తాం. "నీలమైతే సిర" అని బట్టీపట్టిన విద్యార్థి ఈ రెండు పేర్లనూ తారుమారు చేస్తాడు, దాంతో ద్వివలయ రక్త ప్రసరణ (ఒక చుట్టులో రక్తం రెండుసార్లు గుండె గుండా వెళ్లడం) మొత్తం తలకిందులవుతుంది.

పరీక్షకు తీసిన రక్తం నల్లగా ఉందని ఎవరో భయపెట్టగా, ఒక విద్యార్థి తల్లి "సార్, మావాడి రక్తం చెడిపోయిందంట, నిజమేనా?" అని అడిగారు. సిర నుంచి తీసిన రక్తం అలాగే ముదురుగా ఉంటుందని చెప్పాక ఆమె కుదుటపడ్డారు. ఆమె కంగారు సహజమే. ఆ కంగారు మీద రక్తశుద్ధి మందులు అమ్ముకునే వారి ప్రచారాన్ని మాత్రం నేను సహించలేను.

నీలి రక్తమే కావాలంటే మన తీరంలోని రొయ్యల చెరువుల్లో ఉంది. వనామీ రొయ్యలో ఆక్సిజన్‌ను మోసేది రాగి ఉన్న హీమోసయనిన్; అది ఆక్సిజన్‌తో కలిసినప్పుడు నీలంగా మారి, వదిలాక రంగు కోల్పోతుంది, అంటే మన చార్టుకు సరిగ్గా ఎదురు వరస.

బొమ్మ గురించి మిగిలిన సంగతులు చిన్నవి. బొమ్మలోని గుండె మనకు ఎదురుగా నిలబడిన మనిషిది కాబట్టి దాని ఎడమ జఠరిక (కింది గది) మన కుడివైపు ఉంటుంది. ఫొటో ఒక్క నమూనానే చూపుతుంది, గీసిన బొమ్మలో అనేక నమూనాల పరిశీలనను ఇమడ్చవచ్చు. చేయి తిరగలేదని బొమ్మ వదిలేయనక్కరలేదు. షేడింగ్ లేని స్పష్టమైన పెన్సిల్ గీత, సరైన నిష్పత్తి, భాగాన్ని తాకేలా గీసిన గీతల చివర పేర్లు ఉంటే చాలు. చార్టు కొనే ఉపాధ్యాయులు ఏ రంగు దేనికో అందులో రాసి ఉందో లేదో చూడాలి, లేకపోతే స్కెచ్ పెన్నుతో తామే రాసి తగిలించాలి.