బంగారం వెళ్ళిపోయింది, పిప్పి మిగిలింది

ఈ ప్రశ్న మల్కాజ్‌గిరి నుంచి ఒకాయన అడిగారు. ఆయన సొంతూరు కుప్పం దగ్గర పల్లె. తాత కోలార్ గనుల్లో పాతికేళ్ళు పనిచేసి, చివరి నాలుగేళ్ళూ మంచం మీద దగ్గుతూనే పోయాడట. సినిమా పుణ్యమా అని ఇప్పుడు పిల్లలందరికీ కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) తెలుసు కాబట్టి, పోయిన వేసవి సెలవుల్లో మనవల్ని తీసుకెళ్ళి ఆ ఊరు చూపించారు. గనిలోకి మనుషుల్ని దింపే తుప్పు పట్టిన షాఫ్టులు, తెల్లదొరల పాత బంగళాలు, ఊరి పక్కనే గుట్టల్లా తెల్లటి దిబ్బలు. "ఆ దిబ్బల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి, సయనైడ్ ఉంది అన్నారండీ అక్కడివాళ్ళు. గని మూసి పాతికేళ్ళవుతోంది కదా, ఇంకా ఉంటుందా? అసలు బంగారానికి సయనైడ్‌తో ఏం పని?" అని ఆయన సందేహం.

రెండో ప్రశ్న ముందు చూద్దాం. దాని జవాబు వంటింట్లో ఉంది.

పప్పుచారు పెట్టాలంటే చింతపండు నానబెడతాం. నానాక పిసుకుతాం. పులుపు నీళ్ళలోకి దిగుతుంది. చిక్కటి రసం గిన్నెలోకి వంచుకుని, ఇంకాసిని నీళ్ళు పోసి రెండోసారి పిసుకుతాం. ఈసారి పలచగా వస్తుంది. మూడోసారి పిసికితే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. చేతిలో మిగిలిన ఈనెలూ గింజలూ పిప్పి. దాన్ని పారేస్తాం, లేదా ఇత్తడి చెంబులు తోముకుంటాం.

బంగారు గనిలో జరిగేది ఇదే. రాయి చింతపండు, బంగారం పులుపు. అయితే ఒక చిక్కుంది. పులుపు నీళ్ళలోకి తనంతట తనే వస్తుంది, బంగారం రాదు. మామూలు నీళ్ళే కాదు, విడిగా నైట్రిక్ ఆమ్లం పోసినా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినా కదలదు. రాత్రి రాగి చెంబులో బంగారు ఉంగరం వేసి, పొద్దున్నే ఆ నీళ్ళు తాగితే ఒంట్లోకి బలం వస్తుందని నమ్మేవాళ్ళు మన అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ ఉంగరం బరువు పదేళ్ళ తర్వాత తూచినా అంతే ఉంటుంది. నీళ్ళలోకి దిగేదేమైనా ఉంటే అది ఉంగరానికి పట్టిన సబ్బు.

ఈ మొండి లోహాన్ని నీళ్ళలోకి దించే మంత్రం 1887లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో దొరికింది. జాన్ స్టీవార్ట్ మెకార్థర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఫారెస్ట్ సోదరులు అనే ఇద్దరు డాక్టర్లు కలిసి పేటెంట్ తీసుకున్నారు. చాలా పలచని సయనైడ్ ద్రావణం చాలు. మామూలుగా లీటరు నీళ్ళకు అర గ్రాము కూడా అక్కర్లేదు. నాలుగు బంగారు పరమాణువులు, ఎనిమిది సయనైడ్ అయాన్లు, ఒక ఆక్సిజన్ అణువు, రెండు నీటి అణువులు కలిస్తే బంగారం నీళ్ళలోకి వచ్చేస్తుంది.

ఈ సమీకరణాన్ని ఇంటర్‌లో నేను బ్యాలెన్స్ చేసి మార్కులు తెచ్చుకున్నాను. అందులో ఆక్సిజన్ ఎందుకుందో మాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అసలు మజా అక్కడే ఉంది. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. బంగారం ఎలక్ట్రాన్‌ను వదలాలంటే దాదాపు 1.69 వోల్టుల ఒత్తిడి కావాలి. గాలిలోని ఆక్సిజన్‌కు అంత శక్తి లేదు. అందుకే బంగారం తుప్పు పట్టదు. అయితే సయనైడ్ అయాన్లు రెండు, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న బంగారు అయాన్‌ను చెరో పక్కా పట్టుకుంటాయి. ఆ పట్టు ఎంత గట్టిదంటే దాని స్థిరత్వ స్థిరాంకం (పట్టు బలం చెప్పే అంకె) 1 పక్కన 38 సున్నాలు. ఒక్కో సున్నాకు సుమారు 0.059 వోల్టుల చొప్పున తీసేస్తే, 1.69 కాస్తా మైనస్ 0.6 దగ్గరికి పడిపోతుంది. రారాజు లాంటి లోహం జింకు పక్కన కూర్చునే స్థాయికి దిగిపోయిందన్నమాట. అప్పుడు మామూలు గాలే దాని ఎలక్ట్రాన్‌ను లాగేస్తుంది. అంటే పని చేసేది గాలి, సయనైడ్ దారి తీసిపెడుతుంది. చింతపండును ఊరికే నానబెట్టి వదిలెయ్యకుండా పిసికినట్టే, ట్యాంకుల్లో ఆ గుజ్జును గాలి కొడుతూ గంటల తరబడి కలుపుతూ ఉండాలి. సున్నం వేసి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 10 పైన ఉంచాలి కూడా. ద్రావణం పుల్లబడితే సయనైడ్ విషవాయువై లేస్తుంది. చివర్లో జింకు పొడి వేస్తే అది కరిగి, బంగారాన్ని బయటికి తోసేస్తుంది.

నానబెట్టడం తెలిసింది కదా, ఇక రుబ్బడం. రాయి ముద్దగా ఉంటే ద్రావణం పైపైనే తాకుతుంది. లోపలి బంగారం లోపలే ఉండిపోతుంది. అందుకని రాయిని మైదా పిండిలా, మిల్లీమీటరులో పదమూడో వంతు కన్నా సన్నగా పొడి చెయ్యాలి. పిండి ఎంత మెత్తనైతే బంగారం అంత బాగా దిగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మల్కాజ్‌గిరి ఆయన తాత దగ్గు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇక పిప్పి లెక్క. చింతపండుతో నా పోలిక ఇక్కడ తేలిపోతుంది. చింతపండులో పులుపే ఎక్కువ, పిప్పి తక్కువ. గనిలో అంతా పిప్పే. కోలార్‌లో నూట ఇరవై ఏళ్ళలో సుమారు 5.1 కోట్ల టన్నుల రాయి రుబ్బి, దాదాపు 800 టన్నుల బంగారం తీశారు. సగటున టన్నుకు 16 గ్రాములు. ప్రపంచంలో ఇది గొప్ప గని కిందే లెక్క. ఇప్పుడు టన్నుకు ఐదు గ్రాములు దొరికితే మహాభాగ్యం అనుకుంటారు. ఆ లెక్కన పెళ్ళికూతురి మెడలో రెండు తులాల గొలుసు పడాలంటే నాలుగు టన్నుల రాయి పిండి కావాలి. గొలుసు ఆమెతో అత్తారింటికి వెళ్తుంది. నాలుగు టన్నులూ తవ్విన ఊళ్ళోనే ఉంటాయి.

ఆ 800 టన్నుల బంగారం ఎంత చోటు పడుతుందో లెక్కేశాను. ఘనమీటరుకు 19.3 టన్నుల బరువు కాబట్టి నలభై ఒక్క ఘనమీటర్లు చిల్లర. హైదరాబాద్ ఫ్లాటులో పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న ఒక్క బెడ్‌రూమ్‌లో నేల నుంచి కప్పు దాకా పేరిస్తే నూట ఇరవై ఏళ్ళ కోలార్ దాదాపు అందులో సరిపోతుంది. ఇప్పటికీ ఊరి చుట్టూ ఉన్న పదమూడు దిబ్బల్లోని పిప్పి మూడు కోట్ల టన్నులకు పైమాటే. దాన్ని హుస్సేన్ సాగర్ అంతటా పరిస్తే ఉజ్జాయింపుగా రెండాళ్ళ ఎత్తు లేస్తుంది.

హైదరాబాద్‌కూ బంగారు గనికీ ఏం సంబంధం అనుకోకండి. 1956 దాకా రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. అక్కడి హట్టి గని కోసం 1947లో పెట్టిన కంపెనీ పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్. ఆ గని ఇప్పటికీ నడుస్తోంది. అంతకన్నా నాకిష్టమైన సంగతి మస్కిది. 1915లో బీడన్ అనే ఇంజనీరు నిజాం రాజ్యంలో బంగారం కోసం తిరుగుతూ మస్కి దగ్గర బండ మీద రాత చూశాడు. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో 'దేవానాంపియ పియదసి' అనే బిరుదే ఉండేది. ఈ బండ మీద 'అశోక' అన్న పేరు ఉంది. ఆ రాజెవరో రాతిమీద తేలింది ఇక్కడే. శాసనం ఆ అడవిలో ఎందుకుందంటే, అప్పటికే అక్కడ బంగారం తవ్వే జనం ఉన్నారని చాలామంది చరిత్రకారుల ఊహ. మన కర్నూలు జిల్లా జొన్నగిరినీ అశోకుడి దక్షిణాది రాజధాని సువర్ణగిరి అని చాలామంది అంటారు. పక్కనే ఎర్రగుడి శాసనం ఉంది.

హట్టిలో పాతకాలపు గుంతలు ఆరు వందల అడుగుల లోతు దాటాయి. లోపల దొరికిన కర్రల వయసు సుమారు రెండు వేల ఏళ్ళు. డైనమైట్ లేని రోజుల్లో అంత లోతుకు ఎలా దిగారు? రాతికి ఆనించి మంట పెట్టేవాళ్ళు. కాలిన రాయి మీద నీళ్ళు చల్లేవాళ్ళు. బంగారం దాగుండే తెల్లరాయి (క్వార్ట్జ్) 573 డిగ్రీల దగ్గర లోపలి అమరిక మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. దాని మీద చన్నీళ్ళు పడితే చిట్లుతుంది. ఆ ముక్కల్ని పైకి తెచ్చి బండ మీద దంచేవాళ్ళు. ఆ దంచిన గుంటలు, రోళ్ళలాగా, గనుల పక్క బండల మీద ఇంకా కనిపిస్తాయి. లంకెబిందెల కోసం అమావాస్య రాత్రి నిమ్మకాయలూ కోడిపుంజులూ పట్టుకుని గుళ్ళు తవ్వి పాడుచేసే మహానుభావులకు ఈ గుంటలు ఎప్పుడూ కనపడవు. కనపడకపోవడమే మేలు.

కోలార్‌లోనూ అంతే. 1802లో సర్వే పనిమీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ బహుమతి ఇస్తానంటే, మారికుప్పం చుట్టుపక్కల పల్లెవాళ్ళు మట్టి తెచ్చి ఆయన కళ్ళముందే కడిగి బంగారు రేణువులు చూపించారు. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. పనికి ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు వచ్చారు. చాలామంది ఊళ్ళో భూమి లేని దళితులు. పల్లెలో వెట్టి చేసేకన్నా చీకట్లో కూలి నయమనుకున్నారు. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగ లాగి గనికి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. కరెంటు యంత్రాలకు వచ్చింది, కూలీలు తడికెల గుడిసెల్లోనే ఉన్నారు. 1930లో కంపెనీ అందరి వేలిముద్రలూ తీసుకోబోతే, మేమేమన్నా దొంగలమా అని పని ఆపేశారు.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి కిందికి పోయింది. అంత లోతులో రాతిని చేత్తో తాకితే కాలుతుంది. పైన కొండంత బరువు నొక్కుతుంటే పక్క రాయి ఉన్నట్టుండి టపాసులా పేలేది. (అదే గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో మన శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ వాళ్ళతో కలిసి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే అతిచిన్న కణాలను పట్టుకున్నారు. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే ఆగను.)

ఇప్పుడు తాత దగ్గు. తెల్లరాయి అంటే సిలికా. డ్రిల్లు కొట్టినప్పుడు లేచే దుమ్ములో ఐదు మైక్రాన్ల (మిల్లీమీటరులో రెండు వందలో వంతు) కన్నా చిన్న రేణువులు ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అక్కడ కాపలా ఉండే కణం ఒకటి వచ్చి రేణువును మింగుతుంది. సూక్ష్మజీవినైతే అరిగించుకునేది. రాయి అరగదు. తాజాగా పగిలిన అంచు ఆ కణాన్నే చంపుతుంది. రేణువు మళ్ళీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. చచ్చిన చోటల్లా మచ్చ కడుతుంది. మెత్తటి ఊపిరితిత్తి ఎండిన బీరకాయ పీచులా తయారవుతుంది. గని పని మానేశాక కూడా ఇది ఆగదు. సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ తేలిగ్గా అంటుకుంటుంది. డాక్టరు చీటీలో క్షయ అని ఒక్కమాట రాసేస్తే అది గని ఇచ్చిన జబ్బు కాకుండా పోతుంది. పరిహారం మాట అక్కడితో సరి.

మొదటి ప్రశ్నకు వస్తాను. దిబ్బల్లో సయనైడ్ ఉందా? విడిగా తిరిగే సయనైడ్ ఎండకూ గాలికీ ఎక్కువ కాలం నిలవదు. వాననీటితో పీహెచ్ తగ్గగానే ఆవిరై పోతుంది. కొంత ఇనుముతో గట్టిగా ముడిపడి, అంత చురుకు లేకుండా పడి ఉంటుంది. కాబట్టి అక్కడివాళ్ళ మాటలో పేరు తప్పు, భయం తప్పు కాదు. రాతిలో ఉన్న గంధకపు ఖనిజాలు గాలీ వానా తగిలి ఆమ్లంగా మారతాయి. అందుకే ఆ దిబ్బల మీద మొక్క బతకడం కష్టం. మొక్క లేకపోతే దుమ్మును పట్టి ఉంచేదేదీ ఉండదు. ఆ దుమ్ము మామూలు మట్టి కాదు, బంగారం బాగా దిగాలని మనం మైదాలా రుబ్బిన సిలికా. ఎండాకాలం గాలి వీస్తే అది కాలనీల్లో వంటగిన్నెల మీదికి వచ్చి పడుతుంది. గనిలోకి ఏనాడూ దిగని ఆడవాళ్ళూ పిల్లలూ దాన్నే పీలుస్తారు.

2001 ఫిబ్రవరి 28న గని మూశారు. బంగారం అయిపోయి కాదు, తీసే ఖర్చు దాని ధరను ఎప్పుడో దాటిపోయింది. మూడు వేలమందికి పైగా ఒక్కసారిగా ఇంట్లో కూర్చున్నారు. మన వైపు కుప్పం దగ్గరి చిగురుగుంట, అనంతపురం వైపు రామగిరి గనులూ అప్పుడే మూతపడ్డాయి. ఆనాటి కార్మికుల పిల్లలు ఇప్పుడు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు.

ఇప్పుడు కథ మళ్ళీ చింతపండు దగ్గరికే వచ్చింది. ఆ పిప్పిలో టన్నుకు గ్రాము కన్నా తక్కువ బంగారం ఇంకా ఉంది. ధర ఇంత పెరిగాక మూడోసారి పిసికినా గిట్టుబాటే. 2024లో కర్ణాటక మంత్రివర్గం ఆ పదమూడు దిబ్బలను మళ్ళీ వడగట్టుకోవడానికి ఒప్పుకుంది. నా మటుకు నాకు ఇది మంచి పనే అనిపిస్తుంది, ఒక్క షరతు మీద. పిసికాక వచ్చే పిప్పి ఇప్పుడున్న దానికన్నా మెత్తగా ఉండొచ్చు. దాన్ని ఎక్కడ పోస్తారో, మీద ఏం కప్పుతారో ముందే కాగితం మీద చూపించాలి. జొన్నగిరి దగ్గర ప్రైవేటు గని వచ్చింది కదా, అక్కడి రైతులు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే. ఉద్యోగాలెన్ని అన్నది రెండో ప్రశ్న.

మల్కాజ్‌గిరి ఆయనకు ఇలా జవాబు రాశాను: మళ్ళీ వెళ్తే వేసవిలో కాకుండా వానలు పడ్డాక వెళ్ళండి, దుమ్ము అణిగి ఉంటుంది. తాతగారు దిగిన షాఫ్టు దూరం నుంచి చూపించండి. దిబ్బలెక్కి జారుతామని పిల్లలు మారాం చేస్తారు, ఎక్కనివ్వకండి. తిరిగొచ్చాక బూట్లు గుమ్మం బయటే, చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవండి.