“చచ్చిపోవాలనిపిస్తోందా?” అని అడగొచ్చా

ఇంటర్ ఫలితాలు వచ్చే వారంలో తిరుపతి హాస్టళ్ల వార్డెన్లకు సరిగా నిద్ర పట్టదు. ఎక్కడెక్కడి ఊళ్ల పిల్లలో అక్కడ ఉంటారు. ఒక కుర్రాడు రెండు రోజులుగా మెస్‌కు రావడం లేదనుకుందాం. ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తడం లేదు. “నేను లేకపోతే మా వాళ్లకు ఖర్చన్నా తగ్గుతుంది” అని ఒకసారి అన్నాడు కూడా. పక్క మంచం పిల్లవాడు అది విన్నాడు, టెన్షన్ పడ్డాడు, కానీ ఏమీ అడగలేదు. అడిగితే లేని ఆలోచన తలలో పెట్టినట్టవుతుందేమోనని భయం.

ఈ భయం నిజమో కాదో పరిశోధకులు పరీక్షించి చూశారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగారు, రెండో గుంపును అడగలేదు. 2005లో ఫలితాలు వచ్చాయి. అడిగినందువల్ల ఎవరికీ బాధ గానీ, అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. పైగా అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకు అడిగిన తర్వాత కాస్త తేలికైనట్టు కనిపించింది. తర్వాత వచ్చిన పరిశోధనలూ దీన్నే సమర్థించాయి.

ఇంకో నమ్మకం దీనికంటే ప్రమాదం. “అరిచే కుక్క కరవదు, చస్తానన్నవాడు చావడు” అంటారు. కానీ ప్రాణం తీసుకునేవాళ్లలో చాలామంది ముందుగా ఏదో ఒక మాట అంటారు. అది బెదిరింపు అనుకోకుండా, సాయం అడుగుతున్నారనుకుని వినాలి. నిద్ర పట్టకపోవడం, తాగుడు పెరగడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అందరికీ ఫోన్ చేసి వీడ్కోలులా మాట్లాడటం కూడా గమనించాల్సినవే.

ఆత్మహత్యలకు కారణాలుగా పేపర్లో మార్కులు, అప్పులే కనిపిస్తాయి. తోతాపురి మామిడి ధర పడిపోయిన ఏడాది చిత్తూరు పల్లెల్లో ఆ మాటే వినబడుతుంది. కానీ జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో దాదాపు సగానికి రాసిన కారణాలు కుటుంబ సమస్యలు, అనారోగ్యం. అదీ పోలీసులు రాసుకున్న ఒక్క కారణమే. అప్పు, కడుపునొప్పి, ఇంట్లో గొడవ, చిన్నప్పటి నుంచీ ఉన్న దిగులు ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. అందుకే “మార్కులేరా, పోతే పోనీ” అని ఒక్క ముడి విప్పితే పని అయిపోదు.

మరి ఎలా అడగాలి? “ఏం నాయనా, బాగుండావా?” అంటే “బాగుండా” అనే జవాబే వస్తుంది. ఒక పక్కకు కూర్చోబెట్టి, “రెండు రోజులుగా చూస్తున్నా, నువ్వు నీలా లేవు. చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని అడగాలి. అవునంటే కంగారు పడకుండా, ఎప్పుడు, ఎలా అని ఏమైనా అనుకున్నారా అని కూడా అడగాలి. అనుకున్నామంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. మనకు సలహా ఇవ్వడం బాగా వచ్చు, వినడమే రాదు. “నీకేం తక్కువ”, “పిల్లల మొహం చూడు” అనగానే ఎదుటి మనిషి నోరు మూసుకుంటారు. “కొండకు పోయి స్వామిని చూసుకొని రా” అనడంలో తప్పు లేదు, ఒక్కరినే పంపడమే తప్పు. “ఎవరికీ చెప్పను” అని మాత్రం ఒట్టు వేయకండి.

పక్కన ఉండటానికి ఎందుకింత విలువ? 2009లో వచ్చిన ఒక ఆస్ట్రియా అధ్యయనంలో, ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లలో దాదాపు సగం మంది, ఆ ఆలోచన వచ్చాక పది నిమిషాల లోపే ఆ పనికి దిగామని చెప్పారు. ఆ ఉద్ధృతి తగ్గేదాకా తోడుండి, ప్రమాదకరమైనవి అందకుండా చేస్తే ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. పొలం మందులు ఇంట్లో పెట్టకపోవడం మన పల్లెల్లోనూ చేయదగ్గ పనే.

ఆసుపత్రికి తీసుకుపోతే పోలీసు కేసవుతుందని చాలా ఇళ్లలో వెనకాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అలాంటి వారికి వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వం బాధ్యత. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రాణాపాయం ఉంటే ముందు 108.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక జరిగేది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. మొదటి వారం చుట్టాలు వస్తారు, తర్వాత ఎవరూ ఆ ఊసెత్తరు. మనకు మూడున్నర గంటల రైలు దూరంలో ఉన్న చెన్నై సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1,867 మందితో ఒక అధ్యయనం చేసింది. అందరూ ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లే. సగం మందికి మామూలు వైద్యం. మిగతావారితో అదనంగా ఒక గంట మాట్లాడి, ఆపై తొమ్మిదిసార్లు ఫోన్ చేసి గానీ, ఇంటికి వెళ్లి గానీ పలకరించారు. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే మొదటి గుంపులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు, రెండో గుంపులో 0.2 శాతం.

ఆ పలకరింపులు 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపై 4, 6, 12, 18 నెలలకు జరిగాయి. అక్కడ పలకరించింది శిక్షణ ఉన్న సిబ్బంది. అయినా ఆ తేదీలను ఒక మేనమామ గానీ, హాస్టల్ వార్డెన్ గానీ, ఆశా కార్యకర్త గానీ తమ ఫోన్లో రిమైండర్లుగా పెట్టుకోవచ్చు. ఏం మాట్లాడాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు, వాళ్ల పక్కన ఉన్నవాళ్లు కూడా చేయొచ్చు.