మొలవని వడ్లన్నీ చచ్చినవి కావు: విత్తన నిద్రపై అపోహలు - వాస్తవాలు

యాసంగి వడ్లు ఇంటికి చేరి నెల తిరక్కముందే వానాకాలం నారుకు విత్తనం కావాలి. ఆ రోజుల్లో మా విత్తన పరీక్ష ల్యాబ్‌లో ఫోన్లు ఆగవు. అందరిదీ ఒకటే టెన్షన్: మండె కట్టాం (నానిన వడ్లను మొలకకు గోనెలో కప్పి ఉంచాం), మొలక రాలేదు, విత్తనం పోయినట్టేనా అని.

అపోహ: మొలవని గింజంటే చచ్చిన గింజే.

తడి కాగితంలో పెట్టిన వంద వడ్లలో నలభై మొలిస్తే మిగతా అరవై పోయాయని రాసెయ్యం. మొలవకుండా గట్టిగా, తాజాగా మిగిలిన గింజల సంగతి విడిగా చూస్తాం. అదే లాటు నుంచి కొన్ని గింజలు తీసి నానబెట్టి, అంకురం (మొక్కగా మారే భాగం) మీదుగా నిలువునా కోసి, టెట్రజోలియం ద్రావణంలో వేసి చీకట్లో ఉంచుతాం. ప్రాణమున్న కణాలు శ్వాసిస్తుంటాయి కాబట్టి వాటిలోని ఎంజైములు రంగులేని ఆ ద్రావణాన్ని ఎర్రగా మారుస్తాయి. కొన్ని గంటల్లో అంకురం ఎర్రబడితే గింజ బతికే ఉంది. తెల్లగానే ఉండిపోతే పోయింది. కోసిన కొత్తలో మొలక తక్కువ చూపించిన వడ్లు ఈ పరీక్షలో చాలాసార్లు ఎర్రగానే తేలతాయి.

బతికే ఉండి కొన్నాళ్లు మొలవకుండా ఆగడమే విత్తన నిద్ర, అంటే నిద్రావస్థ. అలా గింజను ఆపేది అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను. గింజ పాలుపోసుకుని గట్టిపడే దశలో ఇది పేరుకుంటుంది, నీళ్లు తగిలినా అంకురాన్ని కదలనివ్వదు. దీనికి ఎదురు నిలిచే హార్మోను జిబ్బరెల్లిన్. నిద్ర తీరిన గింజ నానితే అంకురం జిబ్బరెల్లిన్ తయారుచేసి తవుడు పొరకు పంపుతుంది. ఆ పొర ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమును వదులుతుంది, అది పిండిని చక్కెరగా కరిగిస్తుంది. 1960లో బార్లీ మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా బయటపడింది. అంకురం తీసేసిన సగం గింజలో పిండి కరగలేదు, జిబ్బరెల్లిన్ కలిపితే కరిగింది. నారుమడిలో నాలుగైదు రోజుల మొలకను పీకి, దానికి అంటుకున్న గింజను గోటితో నొక్కి చూడండి. పాలలా బయటికొచ్చేది ఆ కరిగిన పిండే.

ఏ హార్మోను ఎంత ఉందన్నది ఒక్కటే లెక్క కాదు. వడ్లు పొడిగా నిల్వ ఉన్న వారాల్లో, అబ్సిసిక్ ఆమ్లానికి గింజ లొంగడం కూడా తగ్గుతూ వస్తుంది. ఆ తర్వాత నానబెడితే మిగిలిన ఆమ్లం విరిగిపోతుంది, జిబ్బరెల్లిన్‌ది పైచేయి అవుతుంది. ఇందుకు కొన్ని వరి రకాలకు రెండు వారాలు చాలు, కొన్నింటికి నెల పైనే పడుతుంది.

అపోహ: నిద్రావస్థ విత్తనంలో ఉన్న లోపం.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు కోస్తాలో వరి చేలు పడిపోయి, నీళ్లలో నానిన కంకుల మీదే మొలకలు వచ్చిన సంగతి గుర్తుందా? కోతల సమయంలో వానొస్తే ఆ నష్టాన్ని కొంతవరకు ఆపగలిగేది ఈ నిద్రే. అబ్సిసిక్ ఆమ్లం తయారుచేసుకోలేని మొక్కజొన్న మ్యూటెంట్లలో (జన్యువు మారిన మొక్కల్లో) గింజలు తల్లి కండె మీదే మొలుస్తాయి. వేరుశనగ గుత్తి రకాల్లో చాలావాటికి నిద్రావస్థ లేదు, అందుకే పీకడం ఆలస్యమై వాన పడితే కాయలు భూమిలోనే మొలకెత్తుతాయి. వీటికి రెండు మూడు వారాల నిద్ర తెప్పించాలని శాస్త్రవేత్తలు కావాలనే ప్రయత్నిస్తుంటే, మనం దాన్ని జబ్బు అంటున్నాం.

అపోహ: జిబ్బరెల్లిన్ మందు కొడితే ఏ విత్తనమైనా మొలుస్తుంది.

చచ్చిన గింజను ఏ హార్మోనూ లేపలేదు. తేమలో ముక్కిపోయిన పాత విత్తనానికి ఈ మందు కొనడం డబ్బు దండగ. మోతాదు మించితే మొలక సన్నగా సాగి పడిపోతుంది. అసలు జిబ్బరెల్లిన్ కథ మొదలైందే అలా: వరి మొక్కలను అడ్డూఅదుపూ లేకుండా పొడవు సాగదీసే తెగులు వెనకున్నది శిలీంధ్రం విడిచే పదార్థమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురోసావా చూపించాడు. ఇక వేరుశనగలో నిద్ర ఉన్న రకాలకు ఎక్కువగా పనికొచ్చేది ఎథిలీన్ అనే మరో హార్మోను, అందుకే వాటికి ఎథిలీన్‌ను విడిచే ఎథ్రెల్ మందు వాడతారు.

అపోహ: మొలక ఆలస్యమైతే కారణం హార్మోన్లే.

సుబాబుల్ గింజకు నీళ్లే లోపలికి పోవు, తోలు అంత గట్టిది. దానికి వేడినీళ్ల వైద్యం చాలు. వేప గింజది ఇంకో దారి, వారాల తరబడి దాచిపెడితే మొలిచే శక్తే పోతుంది.

అపోహ: వడ్ల నిద్ర పోగొట్టడానికి నత్రికామ్లంలో (నైట్రిక్ యాసిడ్‌లో) నానబెడితే విత్తనం కాలిపోతుంది.

మోతాదు పాటిస్తే కాలదు. లీటరు నీటికి గాఢ నత్రికామ్లం, నిద్ర తక్కువున్న రకానికి 6.3 మి.లీ., ఎక్కువున్న రకానికి 10 మి.లీ. ప్లాస్టిక్ బకెట్టే వాడండి, చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఇరవై నాలుగు గంటలు నానాక మంచినీళ్లతో బాగా కడిగి మండె కట్టాలి. ముందు ఒక దోసెడు వడ్లతో చూసుకున్నాకే బస్తా విప్పండి. కోసి రెండు మూడు నెలలైన వడ్లకైతే ఈ ఆమ్లం అసలు కొననే వద్దు, ఉత్త నీళ్లు చాలు.